పైకప్పు వైపు చూసే పిల్లలు

శ్రోతలకు నమస్కారం. మాట్లాడేటప్పుడు కళ్ళల్లోకి చూడాలని పిల్లలకి చెబుతాం, మళ్ళీ మనం తిడుతున్నప్పుడు వాళ్ళు సూటిగా చూస్తే "ఏంట్రా ఆ చూపు, తల దించు" అంటాం. చూపు కలవడం మనిషికి పుట్టుకతోనే ముఖ్యం. పుట్టి 2 నుంచి 5 రోజులైన పసికందులు కూడా తమవైపు నేరుగా చూసే ముఖాన్నే ఎక్కువసేపు చూస్తారని 2002లో ఒక పరిశోధనలో తేలింది. ఈ కొద్ది నిమిషాల్లో నేను మాత్రం చూపు తిప్పుకోవడం గురించే చెబుతాను.

క్లాసులో టీచర్ ఒక పిల్లాణ్ణి లేపి "పదిహేడు ఎనిమిదులెంత?" అని అడుగుతారు. వాడు టీచర్ని చూస్తాడు, వెంటనే కళ్ళు పైకి పోయి ఫ్యాను దగ్గర ఆగుతాయి, పెదాలు కదులుతుంటాయి, వేళ్ళు నిక్కరు పక్కన చిన్నగా లెక్కపెడుతుంటాయి, పది ఎనిమిదులు ఎనభై, ఏడు ఎనిమిదులు యాభై ఆరు, ఇక ఆ రెండూ కలపడమే మిగిలింది, సరిగ్గా అప్పుడే "జవాబు పైకప్పు మీద రాసుందా? నా వైపు చూడు!" అని ఒక కేక. అంతే. ఎనభై పోయింది, యాభై ఆరూ పోయింది.

ఎందుకంటే ఎదుటివాళ్ళ ముఖం చూస్తూ ఉండటం కూడా మెదడుకి పనే. కోపమొచ్చిందా, నవ్వుతున్నారా అని అది గమనిస్తూనే ఉంటుంది, లెక్కకి చోటు తగ్గిపోతుంది. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీలో గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ బృందం దీన్ని పరిశీలించింది. ప్రశ్న కష్టమైనకొద్దీ పిల్లలు చూపు తిప్పుకోవడం ఎక్కువవుతుందట. 2006లో వచ్చిన అధ్యయనంలో 5 ఏళ్ళ పిల్లలకి ఆలోచించేటప్పుడు పక్కకి చూడమని నేర్పారు, అలా నేర్చుకున్నవాళ్ళు జవాబులు మెరుగ్గా చెప్పారు. మనం తిట్టి మాన్పించేదాన్ని వాళ్ళు కూర్చోబెట్టి నేర్పారు! నాకు భలే సంతోషమేసింది. అయినా, పాత ఫోన్ నంబరు ఒకటి గుర్తుచేసుకోవాలంటే మనం మాత్రం ఎదుటివాళ్ళ కళ్ళల్లోకే చూస్తూ చెబుతామా?

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి అసలు కళ్ళల్లోకి చూడటమే కష్టం, వాళ్ళని ఎప్పుడూ బలవంతపెట్టకండి.

టీచర్లకీ, ఇంట్లో హోంవర్క్ చేయించే అమ్మానాన్నలకీ ఒక్క మాట. ప్రశ్న వినేటప్పుడు మీ వైపు చూడమనండి, సరే. విన్నాక మాత్రం చూపు తిప్పుకోనివ్వండి. గోడ చూడనీ, ఫ్యాను చూడనీ, తిప్పుకోనివ్వండి. అంతసేపూ లోపల లెక్క నడుస్తోందనుకోండి. కళ్ళు మళ్ళీ మీ వైపుకి తిరిగొచ్చినా జవాబు రాకపోతే, అప్పుడు మెల్లగా "ముందు పది ఎనిమిదులెంతో చెప్పు నాన్నా" అని అందించండి.