టాంబు మొక్కజొన్న చేను: సిట్సి దంగరెంబ్గా నవలలో ఆడపిల్ల చదువు

(దృశ్యం: విజయవాడ ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలు)

వ్యాఖ్యానం: పిల్లల ఇంగ్లీషు చదువు కోసం పొలాలు అమ్ముకున్న కుటుంబాలు మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. జింబాబ్వే రచయిత్రి సిట్సి దంగరెంబ్గా 1988లో వెలువరించిన ‘నెర్వస్ కండిషన్స్’ నవలను ఇక్కడివారు తప్పక చదవాలని నేను కోరుకోవడానికి కారణం అదే.

కథ 1960ల చివర, తెల్లవారి ఏలుబడిలోని రొడీషియాలో (నేటి జింబాబ్వే) మొదలవుతుంది. ఉన్న కొద్దిపాటి డబ్బు కొడుకు చదువుకే సరిపోతుందని కథానాయిక టాంబును చిన్నతనంలోనే బడి మాన్పిస్తారు. పుస్తకాలు వండి మొగుడికి పెడతావా అని తండ్రి అడుగుతాడు. ఫీజు కోసం ఆమె తానే మొక్కజొన్న పండిస్తే, ఆ పొత్తులను దొంగిలించి తోటి పిల్లలకు పంచిపెట్టేది సొంత అన్నే. ఆ అన్న చనిపోయాకగానీ, పెదనాన్న ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న మిషన్ బడిలో ఆమెకు చోటు దొరకదు.

(దృశ్యం: గుంటూరు, ఆంధ్ర క్రైస్తవ కళాశాల)

మిషన్ బడి వల్లనే మొదటిసారి అక్షరాలు దిద్దిన కుటుంబాలు గుంటూరులో ఎన్నో ఉన్నాయి కనుక, ఆ చదువును పొగడనూ లేక, తోసిపుచ్చనూ లేక రచయిత్రి పడే వేదన మనకు బాగా అర్థమవుతుంది. టాంబు చేరిన పెదనాన్న ఇంట్లో పెద్దమ్మ మాస్టర్స్ డిగ్రీ చదివినా, ఆమె జీతం ఆమె చేతికి రాదు. ఇంగ్లండులో కొన్నేళ్లు పెరిగి వచ్చిన వారి కూతురు న్యాషా, తండ్రి బలవంతం మీద తిన్న అన్నాన్ని కక్కేసుకుంటూ చిక్కి శల్యమై, చివరకు ఒక రాత్రి చరిత్ర పుస్తకాన్ని పళ్లతో చీల్చివేస్తుంది. ఆఫ్రికావాళ్లకు ఇలాంటి జబ్బు రాదని తెల్ల డాక్టరు తేల్చేస్తాడు. నా దృష్టిలో నవలకు ప్రాణం ఈ ఘట్టమే: పాలకులు రాసిన చరిత్ర మీదా, ఇంటి పెద్ద పెత్తనం మీదా ఆ పిల్లకున్నది ఒకే కోపం, దాన్ని రెండుగా విడదీసి చూసే వీలు రచయిత్రి మనకు ఇవ్వరు.

టాంబు కథ 2006లో ‘ది బుక్ ఆఫ్ నాట్’గా, 2018లో ‘దిస్ మోర్నబుల్ బాడీ’గా కొనసాగింది, ఈ మూడో నవల 2020లో బుకర్ బహుమతి తుది జాబితాకు చేరింది. మొదటి నవలతో ఆగిపోకుండా దీన్ని కూడా చదవండి, ఎందుకంటే అంత పోరాడి చదువుకున్న టాంబు, స్వతంత్ర దేశపు రాజధాని హరారేలో ఉద్యోగం లేకుండా, తలదాచుకోవడానికి ఒక గది వెతుక్కుంటూ ఇందులో కనిపిస్తుంది.