విదేశాలకు వెళ్ళే ప్రభుత్వోద్యోగి: ఎన్‌ఓసీ ఉంటే సరిపోదు

యాంకర్: నమస్కారం. అమెరికాలో అమ్మాయి డెలివరీ, ఆస్ట్రేలియాలో అబ్బాయి కాన్వొకేషన్. తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగుల ఇళ్ళల్లో ఇప్పుడు ఇవి మామూలు ప్రయాణాలే. ఆఫీసులో ఫైలు మాత్రం ఇంకా మామూలు కాలేదు. ఎస్టాబ్లిష్‌మెంట్ (ఉద్యోగుల సర్వీసు, లీవు) వ్యవహారాలు బాగా తెలిసిన సార్ మనతో ఉన్నారు. సార్, అసలు చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

అతిథి: "పర్మిషన్ వచ్చేసిందండీ" అంటారు చూడండి, అక్కడ. ఏదీ, చూపించమంటే పాస్‌పోర్టు కోసం ఆఫీసు ఇచ్చిన ఎన్‌ఓసీ తీస్తారు. అది పాస్‌పోర్టు తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదని చెప్పే కాగితం, అంతే. పాస్‌పోర్టు ఒకటి, లీవు ఒకటి, దేశం దాటడానికి అనుమతి ఇంకొకటి. ఒకటి చేతిలో ఉందని మిగతావి వచ్చినట్టు కాదు.

యాంకర్: పాస్‌పోర్టుకి ఎన్‌ఓసీ తప్పనిసరా?

అతిథి: ఇప్పుడు కాదు. ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ గానీ ఐడెంటిటీ సర్టిఫికెట్ గానీ రాకపోతే, పాస్‌పోర్టుకి దరఖాస్తు చేస్తున్నానని ఉద్యోగే ఆఫీసుకు ముందుగా తెలియజేస్తూ లేఖ ఇచ్చి, దాని కాపీ పాస్‌పోర్టు ఆఫీసులో పెట్టొచ్చు. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ఈ వెసులుబాటు ప్రకటించింది. లేఖ మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకూడదు.

యాంకర్: విజిలెన్స్ కేసు ఉన్నవాళ్ళకి?

అతిథి: కేంద్ర ఉద్యోగులకైతే 2020 ఫిబ్రవరిలో డీఓపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ) మార్గదర్శకాలు వచ్చాయి. సస్పెన్షన్‌లో ఉన్నా, కోర్టులో ఛార్జిషీటు పడినా పాస్‌పోర్టుకి విజిలెన్స్ క్లియరెన్స్ (కేసులేవీ అడ్డు లేవన్న ధ్రువీకరణ) ఆపొచ్చు. ఎవరో ప్రైవేటు ఫిర్యాదు చేస్తే ఎఫ్‌ఐఆర్ కట్టారనుకోండి, ఛార్జిషీటు పడేదాకా ఆ ఒక్క కారణంతో ఆపకూడదు. వైద్యం లాంటి అత్యవసరమైతే అధికారి విడిగా ఆలోచించొచ్చు.

యాంకర్: సరే, పాస్‌పోర్టు ఉంది, సొంత పని మీద వెళ్ళాలి. ఏం చేయాలి?

అతిథి: కేంద్ర ప్రభుత్వంలో 2015 జులై 27 నాటి మెమో ప్రకారం ఒక ప్రొఫార్మా ఉంది. ఏ దేశాలు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎందుకు, ఖర్చు అంచనా, ఆ డబ్బు ఎక్కడిది, గత నాలుగేళ్ళలో సొంతంగా చేసిన విదేశీ ప్రయాణాలేమిటి, అన్నీ అందులోనే రాయాలి. ఫైలు తిరిగొచ్చేది ఎక్కువగా ఖర్చు కాలమ్ దగ్గరే. "సుమారు 3 లక్షలు, సొంత డబ్బు" అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. టికెట్టు, వసతి, వీసా, ఇతర ఖర్చులు అని ప్రొఫార్మాలోనే విడివిడిగా ఉంటే విడివిడిగానే నింపాలి కదా! జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) నుంచి తీస్తే జీపీఎఫ్ అని, కొడుకు టికెట్లు కొంటే ఆ మాటే రాయాలి.

యాంకర్: కొడుకు కొన్నాడంటే అది విదేశీ ఆతిథ్యం, అంటే విదేశీయులు మన ఉద్యోగికి పెట్టే ఖర్చు కిందకి రాదా? అది విన్నాకే చాలామంది "సొంత డబ్బు" అని రాసేస్తారు.

అతిథి: కొడుకు హెచ్‌1బీ వీసా మీద ఉంటే వాడు భారత పౌరుడే, విదేశీ మూలం కాడు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఆ సంగతి ముందే కాగితం మీద పెట్టి ఆఫీసును అడగాలి. దాచిపెట్టి "సొంత డబ్బు" అని రాయడం అన్నిటికంటే చెడ్డ దారి.

యాంకర్: దరఖాస్తు పెట్టాక జవాబే రాదు. టికెట్ల ధర రోజురోజుకీ పెరుగుతుంటుంది.

అతిథి: అదే మెమోలో 21 రోజుల నిబంధన ఉంది. దరఖాస్తు అందిన 21 రోజుల్లోగా అధికారి నిర్ణయం తెలపకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించొచ్చు. దీన్ని జనం మంత్రంలా వాడేస్తున్నారు, రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, 21 రోజులు లెక్కేసేది దరఖాస్తు అందిన రోజు నుంచి. అందినట్టు ముద్రేసిన కాపీ మీ దగ్గర లేకపోతే లెక్క ఎక్కడ మొదలెడతారు? రెండు, అది ప్రయాణానికి అనుమతి మాత్రమే, లీవు మంజూరు కాదు. లీవు ఆర్డరు చేతికొచ్చేదాకా నాన్-రిఫండబుల్ టికెట్టు జోలికి పోవద్దు.

యాంకర్: ఇక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకీ 21 రోజులేనా?

అతిథి: ఆ మెమో కేంద్ర ఉద్యోగులది. దాన్ని పట్టుకెళ్ళి డీఈఓ ఆఫీసులో వాదిస్తే పని జరగదు. మన రాష్ట్రాల్లో దీన్ని ఎక్స్-ఇండియా లీవ్ అంటాం. ఇది రాష్ట్ర లీవు రూల్స్ మీద నడుస్తుంది. టీచరైతే దరఖాస్తు హెడ్మాస్టర్ దగ్గర మొదలై మెట్టుమెట్టుగా మంజూరు చేసే అధికారి దాకా పోవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక కవరింగ్ లెటర్, ఒక కొర్రీ. అందుకే లీవు బ్యాలెన్సు, సర్వీసు వివరాలు, పెండింగ్ కేసులేమీ లేవన్న ధ్రువీకరణ, పాస్‌పోర్టు జిరాక్సు మొదటిసారే కట్టకట్టి ఇవ్వాలి. మంజూరు ఆర్డర్లో దేశం పేరు, తేదీలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. అమెరికాకని అనుమతి తీసుకుని, వచ్చేటప్పుడు దుబాయ్‌లో నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజులకి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

యాంకర్: మెడికల్ లీవులో ఉండి వెళ్ళొచ్చేవాళ్ళ సంగతి?

అతిథి: పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్ర తేదీ, మెడికల్ సర్టిఫికెట్ తేదీ పక్కపక్కన పెడితే చాలు, ఛార్జ్ మెమో (క్రమశిక్షణ అభియోగ పత్రం) దానంతటదే తయారవుతుంది. అన్నట్టు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణానికి ఆఫీసు ఇచ్చే ఖర్చు) కూడా దేశం లోపలికే. ఎస్‌బీఐ ఉద్యోగులు విదేశాల మీదుగా చుట్టుతిరిగి దేశంలోని ఊరికి చేరిన కేసులో, ఆ ఎల్‌టీసీ మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

యాంకర్: ఇక ఆఫీసు పని మీద వెళ్ళేవాళ్ళు.

అతిథి: వాళ్ళు వెళ్ళేది తెల్ల అట్ట అఫీషియల్ పాస్‌పోర్టు మీద. నీలం అట్టది సొంత పనికి. తెల్లదాంతో సొంత పర్యటన చేయకూడదు. ప్రయాణం ముందు విదేశాంగ శాఖ పొలిటికల్ క్లియరెన్స్ (ఆ పర్యటనకు అభ్యంతరం లేదన్న అనుమతి) ఉండాలి, అది ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. ముఖ్యమంత్రులైనా దీన్ని దాటలేరు. 2019లో కోపెన్‌హాగన్ సదస్సుకి అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌కి, 2021లో రోమ్ సదస్సుకి మమతా బెనర్జీకి క్లియరెన్స్ రాలేదు. న్యాయమూర్తుల సొంత ప్రయాణాలకీ ఈ క్లియరెన్స్ కావాలని కేంద్రం 2021లో మెమో ఇస్తే, 2022లో ఢిల్లీ హైకోర్టు ఆ షరతు కొట్టేసింది.

యాంకర్: ఖర్చు అవతలివాళ్ళే పెట్టుకుంటామంటే? ప్రభుత్వ డాక్టర్లకి ఇలాంటి ఆహ్వానాలు వస్తూనే ఉంటాయి.

అతిథి: ఇక్కడ కొంచెం ఆగాలి. విదేశీ పరికరాల కంపెనీ టికెట్టు, హోటలు ఇస్తానంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) 2010లోని 6వ సెక్షన్ వచ్చి కూర్చుంటుంది. కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకోకూడదు. రాష్ట్ర ఉద్యోగి అయినా, ప్రభుత్వ కార్పొరేషన్ ఉద్యోగి అయినా అంతే. "చేతికి రూపాయి ఇవ్వలేదు కదా" అంటారు. ఉచిత బస, ఉచిత రవాణా కూడా చట్టం దృష్టిలో ఆతిథ్యమే. ఆహ్వాన పత్రం జతచేసి ఎఫ్‌సీ-2 దరఖాస్తు పెట్టాలి, బయల్దేరే తేదీకి మామూలుగా రెండు వారాల ముందు హోంశాఖకి చేరాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఖర్చు పెడితే ఈ బాధ లేదు, అవి విదేశీ మూలం కిందకి రావు. అక్కడికెళ్ళాక హఠాత్తుగా జబ్బుచేసి ఎవరైనా వైద్యం చేయిస్తే, నెలలోపు కేంద్రానికి తెలియజేయాలి. నన్నడిగితే, ఆ కంపెనీ సరుకు మీ ఆసుపత్రి టెండర్లో ఉన్నప్పుడు హోంశాఖ అనుమతి వచ్చినా వెళ్ళకపోవడమే మంచిది.

యాంకర్: చివరిగా, వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోతే?

అతిథి: లీవు పొడిగింపు కోరుతూ మెయిల్ పెట్టినంత మాత్రాన పొడిగించినట్టు కాదు. కేంద్రంలో లీవు దాటిన కాలానికి జీతం ఉండదు, ఆ రోజులు హాఫ్ పే లీవు ఖాతాలోంచి పోతాయి, పైగా క్రమశిక్షణ చర్య. మన రెండు రాష్ట్రాల్లో ఇంకా గట్టిగా ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో లీవు రూల్స్‌కి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేకుండా ఏడాది దాటి రాకపోతే రాజీనామా చేసినట్టే భావిస్తారు. ఆ పని చేసేముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వెళ్ళేది లీవు దరఖాస్తులో రాసిన చిరునామాకి. ఇక్కడ తాళం వేసిన ఇంటి నంబరు రాసి డల్లాస్‌లో కూర్చుంటే, నోటీసు తలుపు సందులోనే ఉండిపోతుంది. అందుకే లీవు అడ్రసు కాలమ్‌లో అక్కడి ఇంటి చిరునామా, ఫోను నంబరు కూడా రాసి వెళ్ళండి.