రాత్రి బండికి ముందు బెజవాడలో ఒక సాయంత్రం: రివ్యూ

నమస్కారమండీ అందరికీ. ఈరోజు రివ్యూకి తీసుకున్నది బెజవాడలో ఒక సాయంత్రం. రూమ్ ఖాళీ చేసేశాం, బండి చూస్తే అర్ధరాత్రి దాటాక. మధ్యలో మిగిలిన గంటలు ఎక్కడ గడపాలి? విజయవాడ జంక్షన్‌లో ఈ తిప్పలు ఎంతమందికో. చాలామంది చేసేదేంటంటే, వెయిటింగ్ హాల్లో ఛార్జింగ్ పాయింట్ పక్కన సెటిలైపోవడం. నన్నడిగితే అది పాపం. ఎందుకంటే ఈ ఊళ్లో ఏటి నుంచి స్టేషన్ దాకా ఉన్న ఆ చిన్న ముక్కలోనే సాయంత్రానికి సరిపడా సరుకుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు సంగతి. ముందు కృష్ణ ఒడ్డుకి వెళ్లిపోండి, అక్కడి నుంచి మెల్లగా స్టేషన్ వైపు జరుగుతూ రండి. ఈ వరస తిరగేస్తే ఏటి దగ్గరికి చేరేసరికి చీకటి పడిపోతుంది.

మొదటి పని లగేజీ. స్టేషన్‌లో క్లోక్ రూమ్ ఉంటుంది. టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి, బ్యాగుకి తాళం ఉండాలి. తాళం లేకపోతే తీసుకోరండి, బతిమాలినా తీసుకోరు. కాబట్టి చిన్న తాళం ఒకటి ముందే కొనుక్కోండి. టికెట్, మందులు, ఛార్జర్, ఓ మంచినీళ్ల సీసా చిన్న సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. మా బావ కెమెరా స్టాండు కూడా మోసుకొచ్చాడు, దారంతా ఆయాసపడుతున్నాడు, పక్కన వినిపించేది అదే.

ఎండ మెత్తబడే టైముకి ఆటో ఎక్కి ప్రకాశం బ్యారేజీ అనండి. బేరం ముందే తేల్చుకోండి, దిగాక గొడవ వద్దు. బ్యారేజీ మొదట్లోనే దిగి నడవండి. పెద్ద బళ్లని దీని మీదికి రానివ్వరు కాబట్టి లారీల మోత ఉండదు. బైకుల హారన్లు మాత్రం తప్పవు. మొత్తం 1,223 మీటర్ల చిల్లర పొడవు. అవతలి ఒడ్డు సీతానగరం. అంతా నడవక్కర్లేదు, సగం దాకా వెళ్తే చాలు.

ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే, రెండు పక్కలా రెండు వేరే సినిమాలు. ఎగువ వైపు నిండా నీళ్లు, దూరంగా భవానీ ద్వీపం, ఆ వైపే పొద్దు కుంకుతుంది. దిగువ వైపు తిరిగితే, ఎండాకాలమైతే ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నటి పాయలు, వాటి మీదుగా రైలు వంతెన. గుంటూరు, చెన్నై వైపు బళ్లు దాని మీదే పోతాయి. కాసేపు నిలబడితే ఏదో ఒక బండి కనిపించకుండా పోదు. మీరు రాత్రి ఆ దిక్కుగా వెళ్లేవాళ్లైతే, కాసేపట్లో మీరు దాటబోయేది అదే.

ఇప్పుడు కిందికి చూడండి. బావా, కొంచెం జూమ్ చెయ్యి. గేట్లు కనిపిస్తున్నాయా? వాటి పైన ఆ లావుపాటి కాంక్రీటు దిమ్మలు ఉన్నాయే, అవి కౌంటర్ వెయిట్లు. గేటు బరువుకి తూకంగా ఉంటాయి, అందుకే అంత పెద్ద గేటైనా తేలిగ్గా లేస్తుంది. 2024 సెప్టెంబర్ వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని పాడైనవి ఇవే. అప్పుడు ఇక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు. ఈ బ్యారేజీ నిండుగా ఉంటే నిలవుండేది 3 టీఎంసీలకి కాస్త ఎక్కువ, అంతే. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లెక్క వేసి చూడండి, ఆ వరదకి అది ముప్పావు గంట నీళ్లు. ఇంత చిన్న నిలవ ఎందుకంటే, ఇది నీళ్లు దాచే డ్యామ్ కాదు. నీటిమట్టం పైకి లేపి రెండు పక్కలా కాలవల్లోకి మళ్లించడం దీని పని. ముందు ఇక్కడ 1855లో పూర్తైన ఆనకట్ట ఉండేది. అది 1952లో గండి పడ్డాక ఈ బ్యారేజీ కట్టారు, 1957లో పూర్తైంది. టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ ఇక్కడే పుట్టి ఊరి మధ్య నుంచి పోతాయి. ఇవాళ సాయంత్రం మీరు ఎటు తిరిగినా ఏదో ఒక కాలవ వంతెన దాటాల్సిందే.

బ్యారేజీకి ఐదుకి ఐదు. పొద్దు కుంకాక ఇంకో పావుగంట ఆగండి, ఇంద్రకీలాద్రి మీద గుడి దీపాలు వెలుగుతాయి.

మరి అమ్మవారి దర్శనం సంగతేంటి అంటారా? దర్శనం తప్పకుండా చేసుకోండి, కానీ ఆ పని పొద్దున పెట్టుకోండి. కొండ కింద నుంచి చూసి క్యూ ఎంతుందో చెప్పలేం. శుక్రవారాలు, దసరా రోజులు, భవానీ దీక్షల సమయం అయితే అసలు ఆశే పెట్టుకోవద్దు. అమ్మ ముందు నిలబడి వాచీ చూసుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి. భవానీ ద్వీపం పడవలు, ఉండవల్లి గుహలు కూడా ఇంతే, అవి పగటి పనులు. ఈ సాయంత్రానికి వద్దు.

బందరు రోడ్డు మీదుగా వెనక్కి వస్తే స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం. విగ్రహం 125 అడుగులు, కింద పీఠంతో కలిపి 206. 2024 జనవరి 19న ఆవిష్కరించారు. పాతవాళ్లు ఇప్పటికీ పీడబ్ల్యూడీ గ్రౌండ్ అనే అంటారు. ఆటోలోంచి చూసినా కనిపిస్తుంది, టైముంటే దిగండి.

తర్వాత బీసెంట్ రోడ్డు. అబ్బో, ఇక్కడ ఎవరూ నడవక్కర్లేదండీ, జనమే మోసుకెళ్తారు. చెప్పులు, చున్నీలు, గిన్నెలు, పిల్లల బొమ్మలు, హెయిర్ క్లిప్పులు, అన్నీ రోడ్డు మీదే. బేరం ఆడాల్సిందే. "అంతైతే రాదమ్మా" అంటారు, రెండడుగులు వేశాక వెనక నుంచి పిలుస్తారు. ఏమీ కొనకపోయినా టైంపాసే. కానీ బండి ఎక్కేవాళ్లు ఇక్కడ కొత్త బ్యాగు నిండేంత కొనకండి. ఇంటికి తీసుకెళ్లాలంటే నా ఓటు కొండపల్లి బొమ్మకి. లేపాక్షి షోరూంలో దొరుకుతాయి. తెల్ల పొణికి చెక్క కాబట్టి చేతిలో పెడితే బరువే తెలీదు. విడి ముక్కలని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకే అంబారీ ఏనుగు తొండం, ఎడ్లబండి చక్రం లాంటివి దెబ్బ తగిలితే ఊడొచ్చేస్తాయి. సీటు కింద తోసేయకుండా పై బెర్త్ మీద తల దగ్గర పెట్టుకోండి.

ఇక తిండి. బాబాయ్ హోటల్ గురించి అందరూ అడుగుతారు. ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు, పేరు ఊరికే రాలేదు. కాకపోతే నా మటుకు అది పొద్దున తినాల్సిన ఇడ్లీ. సాయంత్రం బెజవాడకి పునుగులే. బండి దగ్గర నిలబడి చూడండి. ఆయన పిండిని గుప్పిట్లోకి తీసుకుని బొటనవేలి పక్క నుంచి చిన్న చిన్న ఉండలుగా జారవిడుస్తాడు, చూసేలోపు మూకుడు నిండిపోతుంది. ఉండలు వాటంతటవే తిరగబడతాయి. చిల్లుల గరిటతో తీసి, కాగితంలో పోసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పక్కన అల్లం పచ్చడి. "అన్నా, ఇప్పుడే తీసిన వాయిలోవి ఇవ్వు" అని అడగండి, మొహమాట పడకండి. చల్లారిన పునుగు రబ్బరు ముక్కే. ఒక ప్లేటుతో ఆపండి, రాత్రి పడుకునేది బెర్త్ మీద. బండిలోకి పెరుగన్నం పొట్లం కట్టించుకుంటే ఉత్తమం.

ఇంకా గంట మిగిలితే ఏలూరు రోడ్డు. పుస్తకాల షాపులకి పేరు, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు కూడా దొరుకుతాయి. ప్రయాణంలో చదువుకోడానికి ఒకటి తీసుకోండి. రాత్రి 10 దాటితే బోగీలో లైట్లు తీసేయమంటారు, కాబట్టి అది పొద్దున చదువుకునేదే అనుకోండి.

స్టేషన్‌కి వచ్చేశాం. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. బండి టైము 00:20 అని ఉంటే, అది 15వ తేదీ టికెట్ అయితే, మీరు స్టేషన్‌లో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి. 15న భోంచేసి తీరిగ్గా వస్తే బండి వెళ్లిపోయి దాదాపు రోజు అవుతుంది. బండి మీరెక్కే స్టేషన్‌కి 3 గంటల పైన ఆలస్యం అయ్యి, మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బులు వెనక్కి వస్తాయి. కానీ ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ అయితే బండి కదలకముందే టీడీఆర్, అంటే డబ్బులు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు, పెట్టాలి.

బెజవాడ స్టేషన్‌లో ఇంకో విశేషం. కాజీపేట మీదుగా వచ్చి విశాఖ వైపు పోయే బళ్లు స్టేషన్‌లోకి వస్తే ఇక్కడ దిక్కు మార్చుకోవాలి. ముందున్న ఇంజన్ తీసి వెనక తగిలిస్తారు. అప్పటిదాకా చివరున్న బోగీ ముందుదైపోతుంది. అందుకే ఆ బళ్లు ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాయి. సగం నిద్రలో లేచినవాళ్లు "బండి వెనక్కి పోతోందేంటి, మళ్లీ హైదరాబాదేనా" అని టెన్షన్ పడటం మామూలే. మీ పక్క బెర్త్ వాళ్లు అలా లేస్తే ఈ వీడియో చూపించండి.

వెయిటింగ్ హాల్‌కి ఐదుకి రెండున్నర, ఫ్యాను కింద సీటు దొరికితే మూడు. ఆగండాగండి, మా బండి అనౌన్స్ చేస్తున్నారు. ఏడో నంబరంట! మేమున్నది ఒకటో నంబరు మీద. కెమెరా కట్టెయ్ బావా, నువ్వు బ్యాగు పట్టు, పెరుగన్నం నేను పట్టుకుంటా.