కళ్ళు తిరుగుతున్నాయంటే

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక పులిహోర గిన్నెల దగ్గర నిలబడ్డవారికి కూడా నమస్కారం. విశ్వావసు ఉగాది గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పంచాంగం విన్నారు కదా, ఇక ఉగాది గురించి నేను చెప్పేదేమీ లేదు. నాకు వేరే సంగతి ఉంది.

2025 మార్చి 1న ఇంగ్లీషును అమెరికా అధికార భాషగా ప్రకటిస్తూ ట్రంప్ సంతకం చేశారు. ముప్పైకి పైగా రాష్ట్రాలు ఇంతకుముందే ఆ పని చేసినా, దేశం మొత్తానికి అధికార భాషంటూ ఇన్నాళ్ళూ లేదు. 1981లో ఇందుకోసం రాజ్యాంగ సవరణ ప్రతిపాదించిన సెనేటర్ హయకావా ఎవరనుకున్నారు? కెనడాలో జపనీయులకు పుట్టి ఇక్కడికి వచ్చిన మనిషి. మనలోనూ హయకావాలున్నారు. "మనం నేర్చుకోలేదా, వాళ్ళూ నేర్చుకుంటారు" అని ఇందాక ఒకాయన అన్నారు. అయ్యా, మనం కాన్వెంటులో నేర్చుకుని విమానం ఎక్కాం. డెబ్బై ఏళ్ళకు వచ్చిన మా అమ్మ ఏ బడికి వెళ్ళాలి?

అమ్మను ఓ రాత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళాం. దుబాసీ కావాలంటే ఆగమన్నారు. నేను కారు పెట్టి వచ్చేలోపు పక్కనున్నది పదకొండేళ్ళ మా అబ్బాయి. "కళ్ళు తిరుగుతున్నాయి నాయనా" అంది అమ్మ. వాడు ఉన్నదున్నట్టు, బామ్మ కళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయని ఇంగ్లీషులో చెప్పాడు. నేను వెళ్ళేసరికి నర్సు టార్చి వేసి కళ్ళలోకి చూస్తోంది. అమ్మ ఆమె వేలు వెంట చూపు తిప్పుతూ, "నేను పడిపోయేట్టున్నానే, ఈవిడ కళ్ళెందుకు చూస్తోంది?" అంటోంది. చక్కెర 52కి పడిపోయింది! వాడి తప్పా? నేర్పనిది నేను.

ఇంగ్లీషు రానివారికీ సేవలు అందేలా చూడమని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును ట్రంప్ ఉత్తర్వు రద్దు చేసింది. ఇతర భాషల్లో సేవలు మానేయమని ఇందులో లేదు, నిజమే. ఆ నిర్ణయం శాఖాధిపతులకు వదిలింది. నా భయమంతా వాళ్ళ దయ మీదే.

నెబ్రాస్కాలో మేయర్ అనే బడిపంతులికి, పదేళ్ళ పిల్లవాడికి జర్మన్ నేర్పినందుకు 25 డాలర్ల జరిమానా వేశారు. 1923లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన నేర్పినందుకు కోర్టుకెక్కాడు. మనకు ఆదివారం తెలుగు బడి ఉంది, అడ్డేవాళ్ళు లేరు, పిల్లలూ లేరు. పోయిన వారం నలుగురే వచ్చారు.

చీటీ అందింది, ముగిస్తాను. తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాను. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఎత్తి నాలుగు మాటలు తెలుగు చేయగలిగినవాళ్ళు పేరు రాయండి. ఇప్పటికి రెండు పేర్లున్నాయి, రెండూ మా ఇంటివే.