దిద్దుతున్న చేతిలోని కలవరం
(వయోజన విద్యా వాలంటీర్ల శిక్షణ చివరి రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేపటి నుంచి మీరు మీ మీ ఊళ్ళలో ఉల్లాస్ తరగతులు నడపబోతున్నారు. 15 ఏళ్ళు నిండి చదువు రానివారి కోసం 2022లో మొదలైన కార్యక్రమం ఇది. ఎలా నేర్పాలో మీకు ఈ శిక్షణలో చెప్పారు. నేర్చుకున్నవాళ్ళు మన కళ్ళముందే ఎదుగుతుంటే మన లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు. అందుకే ఈరోజు ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. అప్పుడు నాకు 22 ఏళ్ళు. డిగ్రీ చదివి ఊళ్ళో ఉన్నాను. కళాజాతా బృందం వచ్చి పాటలు పాడిన రాత్రే నా పేరు రాయించాను. కూలీలు పనుల నుంచి వచ్చి అన్నాలు తిన్నాక బడి వరండాలో కూర్చునేవాళ్ళం. ఒక లాంతరు, కొన్ని పలకలు, మూడు భాగాల వాచకం.

అక్కడికి వచ్చినవారిలో ఒకావిడ గురించి చెబుతాను. పేరు చెప్పను, చెప్పమని ఆవిడ నన్ను అడగలేదు. 35 ఏళ్ళ మనిషి. మా పొలంలో నాట్లకూ కోతలకూ వచ్చేవారు. నన్ను 'చిన్నయ్యా' అని పిలిచేవారు. నాకంటే 13 ఏళ్ళు పెద్దయిన ఆవిడను నేను 'నువ్వు' అనేవాణ్ణి. అందులో తప్పుందని అప్పట్లో నాకు తట్టనే లేదు.

ఆవిడ మొదటిసారి పలక మీద తన పేరు రాసుకున్నప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పుకుని మురిసిపోయాను.

కొన్ని నెలలకు ఆవిడా, ఆవిడ భర్తా మా ఇంటికి వచ్చారు. మా నాన్న దగ్గర తీసుకున్న అప్పు తిరగరాయాలి. భర్త ప్రోనోటు మీద వేలిముద్ర వేశారు. సిరా దిండు ఆవిడ వైపు జరిపితే ఆవిడ ముట్టుకోలేదు. "సంతకం పెడతానయ్యా. ముందు ఒకసారి చదువుకుంటాను" అన్నారు. అరుగు కింద నిలబడే, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివారు. పావుగంట పట్టింది. ఒకచోట వేలు ఆగింది. "నూటికి రెండన్నారు. ఇక్కడ మూడని ఉందయ్యా."

నాన్న ఏమీ అనకుండా అంకె దిద్దారు. తర్వాత నా వైపు చూశారు.

ఆ రాత్రి నేను తరగతికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను. మా నాన్న మీద రావలసిన కోపం నాకు ఆవిడ మీద వచ్చింది. 'నేను నేర్పిన అక్షరాలతో మా గుమ్మం ముందే అడుగుతుందా' అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ 'నేను నేర్పిన' అన్న మాట గుర్తొస్తే ఒళ్ళు కంపరమెత్తుతుంది. ఆవిడ చదువును మా పొలంలో పండిన పంటలాగే నా సొత్తనుకున్నాను.

మళ్ళీ వెళ్ళాను, పాఠాలు సాగాయి. మా జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ వాచకంలో పాఠమై మా ఊరికీ వచ్చింది. 1992 నాటికి జిల్లాలో చాలాచోట్ల ఆడవాళ్ళు సారా వేలంపాటలకు అడ్డం నిలబడుతున్నారు. ఒక రాత్రి దినపత్రికలో ఆ వార్తే చదివించాను. ఆవిడ 'నిషేధం' అన్న మాటను 'నిసేదం' అని చదివారు. దిద్దాను. మళ్ళీ అలాగే చదివారు. మళ్ళీ దిద్దాను. వార్త పూర్తయితే ఆవిడ అడగబోయే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. వత్తులు దిద్దుతున్నంతసేపూ ఆ ప్రశ్న దాకా రానివ్వకుండా ఆవిడను ఆపుతున్నాను. అయిదోసారికి ఆవిడ పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పలకడం మెల్లగా నేర్చుకుంటాను సారూ. మన ఊరి దుకాణం పాట ఎవరు పాడారు?"

పాడింది మా మేనమామ. చెప్పాను.

అంతవరకూ నేను చిన్నయ్యను. ఆ రాత్రే మొదటిసారి సారునయ్యాను. గురువుకు అంతకన్నా ఏం కావాలి అంటారేమో. నాకు మాత్రం ఏదో చేజారిపోయినట్టే అనిపించింది. చిన్నయ్య అన్న పిలుపులో మా పొలం, మా అరుగు, మా నాన్న పెట్టెలోని ప్రోనోట్లు అన్నీ ఉండేవి. ఆవిడ వాటిని పక్కన పెట్టి, నేను చేస్తున్న పనితో నన్ను పిలిచారు.

మీకూ ఇలాంటి రోజు వస్తుంది. మీది భూమి ఉన్న ఇల్లు కాకపోయినా వస్తుంది. నిన్నటి దాకా తలూపిన మనిషి ఎదురు ప్రశ్న వేస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకు సిగ్గుపడి దాచుకోకండి, సాటి వాలంటీరుతో చెప్పుకోండి. దాచుకుంటే అది పాఠంలోకి వస్తుంది. ఉన్నట్టుండి తప్పులు ఎక్కువగా దిద్దబుద్ధి అవుతుంది. 'ఇది ఇప్పుడే నీకు అర్థం కాదులే' అనబుద్ధి అవుతుంది. 'మనిషి మునుపటిలా లేదు' అని నలుగురి దగ్గరా అంటాం. నేనూ అన్నాను. మునుపటిలాగే ఉండాలనుకుంటే ఆ లాంతరు ఎందుకు వెలిగించినట్టు?

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. దానికి కొన్నాళ్ళ ముందు మా ఊరి ఆడవాళ్ళు కలెక్టరుకు అర్జీ రాశారు. రాసింది ఆవిడే. బస్సు కోసం నిలబడి ఉంటే నేను ఎదురుపడ్డాను. అడిగితే చూపించారు. 'నిషేధం' ఇంకా 'నిసేదం'గానే ఉంది. నా చెయ్యి దానంతటదే జేబులోని కలం మీదికి వెళ్ళింది.

"దిద్దకండి సారూ. మేమే రాశామని తెలియాలి" అన్నారు.

కాగితం తిరిగి ఇచ్చేశాను. కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు.

"బస్సు ఎన్నింటికండీ మీకు?" అని అడిగాను.

"ఏడున్నరకు" అన్నారు.