కరపత్రంలో రాయని మాట

శ్రోతలకు నమస్కారం.

తొలకరి దగ్గర పడుతుంటే వరంగల్‌లో విత్తనాల దుకాణాల ముందు కరపత్రాలు పంచుతుంటారు. అలాంటి కాగితం మీద ఇలా ఉందనుకుందాం: "ఇది బీటీ పత్తి. పురుగును తట్టుకుంటుంది. కాబట్టి మీకు మందుల ఖర్చు ఉండదు."

వినడానికి సబబుగానే ఉంది. కానీ కొంచెం ఆగి చూద్దాం. పురుగును తట్టుకుంటుందనేది కారణం. ఖర్చు ఉండదనేది ఆ కారణం చూపించి మనల్ని ఒప్పుకోమంటున్న మాట. ఏ వాదన చదివినా ముందు ఈ రెండింటినీ విడదీయాలి. విడదీసి అడగాలి: ఈ రెండింటి మధ్య ఏముంది?

మధ్యలో రాయని మాట ఒకటుంది. పత్తికి పట్టే పురుగులన్నీ బీటీకి చస్తాయని! అది నిజమేనా? బీటీ అనేది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా పేరుకు పొట్టి రూపం. దాని జన్యువును పత్తిలో చేర్చారు. దానివల్ల మొక్కలో తయారయ్యే ప్రోటీన్ కాయ తొలిచే పురుగుల మీద పని చేస్తుంది. పచ్చదోమను, తెల్లదోమను, తామర పురుగును అదేమీ చేయదు. అవి ఆకుల రసం పీలుస్తూనే ఉంటాయి. ఉధృతి పెరిగితే మందు కొట్టక తప్పదు. చూశారా, కారణంలో నిజం ఉంది, అయినా ఖర్చు ఉండదన్న మాట నిలబడలేదు.

ఇంకొకటి. నిజమే, కానీ ఎప్పటి నిజం? మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. మొదట్లో గులాబీ రంగు పురుగు దానికి లొంగేది. పోనుపోను ఆ పురుగుకే తట్టుకునే శక్తి వచ్చింది. రెండు జన్యువులు పెట్టిన రకాన్ని కూడా ఇప్పుడు తొలిచేస్తోంది.

అమ్మేవాళ్లు రాసిందే కదా అని కాగితాన్ని చింపేయడం మాత్రం నాకు నచ్చదు. ఎవరు చెప్పినా కారణం గట్టిదైతే గట్టిదే. రైతు పెట్టుబడి పెట్టేది అప్పు తెచ్చి. అందుకే ఆ కాగితాన్ని పారేయకుండా నిదానంగా చదవమంటున్నాను.

ఈసారి కరపత్రం చేతికొస్తే, దాని వెనకవైపు ఆ రాయని మాటను మీరే రాయండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లతో రాయించండి. అది పట్టుకెళ్లి దుకాణంలో అడగండి: ఏ పురుగును తట్టుకుంటుంది? ఏ ఏడాది చూసిన ఫలితం ఇది? నల్లరేగడిలోనా, చెల్కలోనా? బోరు కిందా, వానాధారమా? బిల్లు రాయించుకోకముందే అడగండి.