సెలైన్ సీసా అన్నం కాదు

అందరికీ నమస్కారం.

మా కుక్కలు, పిల్లుల ఆసుపత్రి వార్డులో రోజూ వినే మాటతో మొదలుపెడతాను. "ఏమైనా తిందా అమ్మా?" అని అడుగుతాను. "నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు డాక్టరు గారూ, కానీ సెలైన్ ఎక్కుతోందిగా" అంటారు. ఆ "ఎక్కుతోందిగా" అన్నప్పటి ధీమా నన్ను భయపెడుతుంది.

లెక్క చూద్దాం. 10 కిలోల కుక్కకు కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 370 కిలోకేలరీలు కావాలి. 2 నుంచి 30 కిలోల మధ్య ఉన్న జంతువు బరువును 30తో గుణించి 70 కలిపితే ఆ అంకె వస్తుంది. అర లీటరు గ్లూకోజ్ సీసాలో, అంటే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో, ఉండేది 25 గ్రాముల చక్కెర. దాని బలం 85 కిలోకేలరీలు. నాలుగు సీసాలు ఎక్కించినా చాలదు, పైగా అందులో మాంసకృత్తులు బొత్తిగా లేవు. నార్మల్ సెలైన్ అయితే ఉప్పునీళ్లే. ఒంట్లో నీరు నిలబెడుతుంది గానీ ఆకలి తీర్చదు.

లంఖణం పరమౌషధం అంటారు మన పెద్దలు. పార్వో అనే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లలకు ఒకప్పుడు నేనూ అదే చెప్పాను, వాంతులు ఆగేదాకా నోటికి ఏమీ పెట్టొద్దని. మాకు నేర్పిందీ అదే. ఆ పిల్లల్లో కొన్ని ఇప్పటికీ కళ్లముందు మెదులుతాయి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆసుపత్రిలో చేరిన 12 గంటలకే ముక్కు గొట్టం ద్వారా ఆహారం అందిన పార్వో పిల్లలు, వాంతులు ఆగేదాకా పస్తున్న పిల్లలకంటే ముందుగా తేరుకున్నాయి, బరువూ పెరిగాయి. పేగు లోపలి పొర తన తిండిలో చాలా భాగం తన మీదుగా పోయే ఆహారం నుంచే తీసుకుంటుంది. ఖాళీగా ఉంచితే ఆ పొర సన్నబడి సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది.

పిల్లి విషయంలో అంత వ్యవధి కూడా ఉండదు. బొద్దుగా ఉన్న పిల్లి కొద్ది రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది. విజయవాడ పటమట నుంచి ఒక పెద్దావిడ తన పిల్లిని పాత చీరలో చుట్టుకుని వచ్చారు. ఇల్లు మారారట. కొత్త ఇంట్లో అది బీరువా కింద దూరి వారం రోజులుగా ఏమీ తినలేదు. చెవి వెనక్కి తిప్పి చూస్తే లోపల పసుపు రాసినట్టుంది, చిగుళ్లూ అంతే, కామెర్లు. ఆవిడ పాపం సిరంజితో నోట్లో పాలు పోస్తూ వచ్చారు. అలా బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. వికారంతో ఉన్న పిల్లికి ఆ తిండి మీదే ఏవగింపు పుట్టి, నయమయ్యాక కూడా ముట్టకపోవచ్చు.

గొట్టం మాట ఎత్తగానే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "మా ఆయనకీ చివర్లో ముక్కులో పైపే పెట్టారు నాయనా." సూర్యారావుపేట ఆసుపత్రుల్లో మనవాళ్లను చూడటానికి వెళ్లి, రైల్స్ ట్యూబు చూసి అదే అర్థం చేసుకుంటాం. మేం మాత్రం బతికించుకోవడానికే వేస్తాం, వీలైనంత తొందరగా వేస్తాం.

ముక్కు గొట్టానికి మత్తు అక్కర్లేదు. తిమ్మిరి చుక్కలు వేసి, పసిపిల్లలకు వాడే ఫీడింగ్ ట్యూబునే జారుస్తాం. సన్నగా ఉంటుంది కనుక పల్చటి ద్రవాలే పోతాయి, అదీ కొద్ది రోజులకే. కాలేయం బాగుపడటానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ పిల్లికి మత్తిచ్చి, మెడ పక్క నుంచి అన్నవాహికలోకి గొట్టం వేశాం. అందులో మిక్సీ పట్టిన తిండి పోతుంది, ఇంటికి పంపవచ్చు. ఏ గొట్టమైనా ఎక్స్‌రేలో చోటు చూసుకోకుండా చుక్క పొయ్యకూడదు. అది శ్వాసనాళంలో ఉంటే ప్రాణం పోతుంది.

ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక, సింగ్ నగర్‌లో డొక్కలు ఎండిన కుక్కలకు జాలిపడి బిర్యానీ పొట్లాలు విప్పిపెట్టినవాళ్లను చూశాను. చాలా రోజులు పస్తున్న ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి, గుండె లయ తప్పవచ్చు. అందుకే రోజుకు కావాల్సిన తిండిలో మొదటి రోజు మూడోవంతు, రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజు మొత్తం. ఉల్లి, వెల్లుల్లి ఎప్పుడూ వద్దు, ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిల్లికి గంజి, పెరుగన్నం చాలవు. దానికి టారిన్ అనే పోషకం కావాలి, అది ముఖ్యంగా మాంసం, చేపల్లో దొరుకుతుంది.

ఆ పెద్దావిడ రోజుకు నాలుగుసార్లు, ఐదు వారాలు పెట్టారు. ముందు గోరువెచ్చని నీళ్లు 5 ఎం.ఎల్., తర్వాత తిండి, గడియారం చూస్తూ పావుగంటసేపు, మళ్లీ నీళ్లు. చివరి నీళ్లు మరిచిన రోజు గొట్టం పూడుకుపోతుంది. మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసేవారు, పసిబిడ్డ పాలకు చూసినట్టు. పిల్లి చెవుల పసుపు పోయింది. ఇప్పుడు ఆ బీరువా పైన పడుకుంటోందట.

ఇదిగో, బల్ల మీద జల్లెడ పట్టిన తిండి, సిరంజి, గొట్టం ఉన్నాయి. ముందు వరుసలోవాళ్లు చేతులు కడుక్కుని రండి, ఆవిడ చేసినట్టే చేసి చూద్దాం.